నిత్యలేఖనము

వ్రాయవలెనను కోరిక చాలమందికి కలదు. వ్రాయుటకు తీరిక లేదని చెప్పువారును అంతమందియే కలరు. ఉద్యోగికి కచేరీ పని, రైతునకు పొలము పని, గృహిణికి ఇంటి పని, విద్యార్థికి పాఠముల పని. ఈ పనులన్నియు తీరి, మనస్సు నిర్మలమై, ఊహలు తమంతట తామే పొంగి వచ్చు శుభముహూర్తమొకటి కలుగునని, అప్పుడు కలము చేతబట్టవచ్చునని పెక్కుమంది వేచియుందురు. ఆ ముహూర్తము ఎంతకును రాదు. కాగితము తెల్లగానే యుండిపోవును.

ఇట్లు వేచియుండక, తీరికలేని బ్రదుకు నడుమనే వ్రాతకొక వేళ నేర్పరచుకొని, ఆ వేళను తప్పక పాటించి 47 నవలలు రచించిన ఆంగ్లేయుడొకడు కలడు. అతని పేరు ఆంథొనీ ట్రాలప్. అతడు సంపన్నుడు కాడు. వ్రాతయే వృత్తిగా గలవాడును కాడు. 33 సంవత్సరములు తపాలాశాఖలో కొలువు చేసిన ఉద్యోగి. అతని దినచర్య విద్యార్థులందరును తెలిసికొనదగినది.

ట్రాలప్ 1815వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, చదువుకొన్నవాడే గాని కోపస్వభావుడు. వృత్తిలో రాణింపక వ్యవసాయమునకు దిగి, అందునను నష్టపడెను. బాలుడగు ట్రాలప్ హారో అను ఊరిలోని ప్రసిద్ధ పాఠశాలకు పొలముల గట్లమీదుగా నడచి పోవుచుండెను. బురదయంటిన బూట్లతోను, మాసిన దుస్తులతోను వచ్చు ఆ బాలుని చూచి ధనికుల బిడ్డలు పరిహసించెడివారు. తోడివారి చెలిమి లేదు. ఉపాధ్యాయుల ఆదరమును లేదు. చదువులోను అతడు వెనుకబడియే యుండెను.

అతనికి 15 సంవత్సరముల వయస్సు వచ్చినప్పుడు దినచర్య వ్రాయుట కారంభించెను. పది సంవత్సరములు ఆ యలవాటు మానలేదు. చాలకాలమునకు పిమ్మట, 1870లో, ఆ పుస్తకములను తీసి చదువగా అందలి యవివేకమును, సోమరితనమును, గొప్పలును చూచి అతనికే సిగ్గు కలిగెను. వెంటనే వానిని నాశనము చేసెను. కాని వానివలన కలిగిన మేలును మాత్రము అతడు మరువలేదు. కలమును వేగముగా నడపుటయు, తలచిన దానిని తడబాటు లేక వాక్యముగా కూర్చుటయు ఆ దినచర్యవలననే తన కలవడినవని స్పష్టముగా చెప్పెను. వ్రాసిన పుటలు నశించినను వాని మూలమున చేతికి వచ్చిన నేర్పు నశింపలేదన్నమాట.

వ్రాతకు వేళ నేర్పరచుకొనుట అతడు తల్లివద్దనే చూచెను. ఆమె పేరు ఫ్రాన్సెస్. భర్త సంపాదన క్షీణించి సంసారము కష్టములపాలు కాగా, ఆ తల్లి ఐదుపదులు దాటిన వయస్సులో రచన కుపక్రమించెను. అమెరికావారి గృహజీవనమును గూర్చి ఆమె రచించిన మొదటి గ్రంథము 1832లో వెలువడి పేరు పొందెను. 1834లో ఋణదాతల ఒత్తిడికి తాళలేక కుటుంబము బెల్జియము దేశమునందలి బ్రూజ్ నగరమునకు పోవలసివచ్చెను. అచ్చట కుమారుడొకడు క్షయవ్యాధితో మంచమెక్కెను, భర్తయును రోగియయ్యెను. ఆ యిల్లాలు రోగుల ప్రక్కనే మేలుకొనియుండి పరిచర్య చేయుచు, ఆ మధ్య దొరకిన గడియలలో నవలలు వ్రాసెను. ఆ వ్రాతవలన వచ్చిన ధనముతోనే ఇల్లు గడచినది. ఆ కుమారుడు 1834లోను, భర్త 1835లోను మరణించిరి. ఆమె కలము ఆగలేదు. తెల్లవారుజామున 4 గంటలకే లేచి, ఇంటివారు మేలుకొనకముందే ఆనాటి వ్రాతను ముగించుట ఆమె యలవాటు. ఆమె మొత్తముమీద 40కి పైగా గ్రంథములను రచించెను.

1834లోనే ట్రాలప్ 19వ యేట లండనులోని ప్రధాన తపాలా కార్యాలయమున చిన్న గుమాస్తాగా చేరెను. జీతము సంవత్సరమునకు 90 పౌండ్లు. ఆ నగరములో అతడు గడపిన ఏడు సంవత్సరములును దుఃఖమయములే. వేళకు కార్యాలయమునకు పోవుట లేదు, అప్పులు పెరిగెను, అధికారులు అతనిని పనికిమాలినవానిగా ఎంచిరి. తరువాతి కాలమున గడియారము చూచుకొని వ్రాసినవాడు తొలుత వేళ తప్పిన గుమాస్తాయే యని విద్యార్థులు గమనింపవలెను. క్రమశిక్షణ అతనికి పుట్టుకతో వచ్చినది కాదు, సాధించుకొన్నది.

1841లో అతడు ఐర్లండు దేశమునకు బదిలీ కోరుకొని పోయెను. అచ్చట గ్రామముల తపాలా ఏర్పాట్లను తనిఖీ చేయుట అతని పని. గుర్రముమీద ఊరూరు తిరుగుట, జనుల ఫిర్యాదులను విచారించుట, లెక్కలు పరీక్షించుట అతనికి నచ్చెను. పనివాడని పేరు తెచ్చుకొనెను. 1844లో వివాహమాడెను. ఆ కాలముననే మొదటి నవలను వ్రాయ మొదలిడెను. అది 1847లో అచ్చయ్యెను, చదివినవారు లేరు. రెండవ నవల 1848లో వెలువడెను. 375 ప్రతులు అచ్చొత్తింపగా 140 మాత్రమే అమ్ముడుపోయెను. 1850లో వచ్చిన మూడవ నవలకు ప్రకాశకులు 20 పౌండ్లు ఇచ్చిరి. పాఠకులు మాత్రము దానిని పట్టించుకొనలేదు. ఇట్లు మూడు గ్రంథములు వరుసగా విఫలమైనను అతడు ఉద్యోగమును వదలలేదు, వ్రాతను విడువలేదు. తన పుస్తకములు అమ్ముడుపోకపోవుటనుగూర్చి ఎవరిని నిందింపనులేదు.

1851లో అతనిని ఇంగ్లండు నైరృతి భాగమునకును, వేల్సు ప్రాంతమునకును పంపిరి. పల్లెలలోని ప్రతి యింటికిని ఉత్తరములు చేరునట్లు తపాలా దారులను ఏర్పరచుట అతని బాధ్యత. దినమునకు సుమారు 40 మైళ్ళు గుర్రముమీద తిరిగెను. ఏ జవాను ఏ దారిని పోయినచో ఎన్ని యిండ్లు కలియునో తానే స్వయముగా చూచుచుండెను. ఈ కాలముననే జెర్సీ ద్వీపమునకు పోయి, ఫ్రాన్సు దేశములోని పద్ధతిననుసరించి వీధులలో స్తంభమువంటి తపాలాపెట్టెలను నిలుపవలెనని సిఫారసు చేసెను. 1852లో అట్టి పెట్టెలు ఆ ద్వీపమున నిలిచెను. బ్రిటిషు దీవులలో వీధిప్రక్కన నిలుచు తపాలాపెట్టెకు ఇట్లు నాందియయ్యెను.

ఈ తిరుగుడు అతని వ్రాతకు ఆటంకము కాలేదు సరిగదా, దానికి ప్రాణమయ్యెను. ఒకనాటి వేసవి సాయంకాలమున సాలిస్బరీ పట్టణములోని పెద్ద దేవాలయము చుట్టును తిరుగుచుండగా 'వార్డెన్' అను నవలకు ఊహ తట్టినది. ఆ దేవాలయమును, అందలి పూజారులను, వారి గృహములను, వారి చిన్నచిన్న తగవులను తలచుకొనుచు అతడు బార్చెస్టర్ అను ఊరినొకదానిని మనస్సులో కట్టుకొనెను. అతడు తపాలా పనిమీద ఆ ప్రాంతమునకు పోకయుండినచో ఆ నవల లేదు. 'వార్డెన్' 1855లో వెలువడెను. మొదటి సంవత్సరాంతమున దానివలన అతనికి ముట్టినది 9 పౌండ్ల 8 షిల్లింగుల 8 పెన్నీలు మాత్రమే. అయినను పత్రికలలో మంచిమాటలు కొన్ని వచ్చెను. తన వ్రాతను చదువువారు కొందరైనను కలరని అతనికి తొలిసారి తెలిసినది.

అప్పటికి అతడు రైలుబండిలో దినమునకు ఎన్నో గంటలు గడపవలసి వచ్చుచుండెను. బండిలో ఊరక కూర్చుండి చదువుటయో, నిద్రించుటయో అందరును చేయు పని. అతడు ఒడిలో నుంచుకొనుటకు వీలైన చిన్న వ్రాతబల్ల నొకటి చేయించుకొని, బండి కదలుచుండగనే పెన్సిలుతో వ్రాయ నారంభించెను. ఎదుట కూర్చున్నవారు వింతగా చూచుచున్నను కొన్నిదినములకు ఆ సిగ్గు పోయెను. పెన్సిలుతో వ్రాసిన దానిని భార్య ఇంటివద్ద సిరాతో శుద్ధప్రతిగా వ్రాసి యిచ్చెడిది. 1857లో ప్రకటితమై అతనికి కీర్తి తెచ్చిన 'బార్చెస్టర్ టవర్స్' అను నవలలో అధికభాగము ఇట్లు రైలుబండిలో వ్రాసినదే.

1858లో ప్రభుత్వము అతనిని ఈజిప్టునకు పంపెను. ఇండియాకు పోవు తపాలాను అలెగ్జాండ్రియా నుండి సూయెజ్ వరకు రైలుమార్గమున చేర్చుటనుగూర్చి ఆ దేశమువారితో ఒడంబడిక చేయుట ఆ ప్రయాణపు ముఖ్యోద్దేశము. నాడు మన దేశమునకు వచ్చు ఉత్తరముల త్రోవను చక్కచేసిన వారిలో ఈ నవలాకారుడును ఒకడు. ఆ పోకలో సముద్రము అల్లకల్లోలముగా నుండెను. ఓడలో కడుపు త్రిప్పుచుండగా కాగితములను బల్లమీదనే వదలి తన గదికి పరుగెత్తి పోవుటయు, తెప్పరిల్లి మరల వచ్చి కూర్చుండి ఆనాటి పుటలను పూర్తిచేయుటయు జరిగినది. అట్లు వ్రాసిన 'డాక్టర్ థార్న్' అను నవలను ఈజిప్టులో ముగించి, మరునాడే వేరొక నవల నారంభించెను.

1859 చివర అతడు లండను సమీపమున వాల్థమ్ క్రాస్ అనుచోట కాపుర ముండెను. అతని దినచర్య సంపూర్ణముగా కుదురుకొన్నది అచ్చటనే. ఉదయము 5 గంటల 30 నిమిషములకు అతడు బల్లవద్ద కూర్చుండవలెను. చలిదేశము, శీతకాలమున ఆ వేళకు ఇంకను చీకటియే. తనను లేపి కాఫీ తెచ్చి యిచ్చుటకై ఇంటి గుర్రముల సేవకుడొకనికి సంవత్సరమునకు 5 పౌండ్లు అదనముగా ఇచ్చుచుండెను. ఆ ముసలి సేవకుడు ఒక్కనాడును వేళ తప్పలేదు. తన విజయమునకై మరి యెవ్వరికంటెను ఆ సేవకునికే తాను ఎక్కువ ఋణపడియున్నానని ట్రాలప్ తలచెను.

బల్లవద్ద మూడు గంటలు. అందు మొదటి అరగంట ముందునాడు వ్రాసిన దానిని చదువుకొనుటకు. వాక్యముల ధ్వని చెవికి సరిపడునట్లు తూచి చూచుకొని, కథలో ఎచ్చట విడిచినది జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ తరువాత క్రొత్తది వ్రాయుట. ఎదుట గడియారముండును. ప్రతి పావుగంటకు 250 మాటలు వ్రాయవలెనని నియమము. రెండున్నర గంటలలో పావుగంటలు పది. అనగా ఒక ఉదయమునకు 2,500 మాటలు. ఉదయపు ఫలాహారమునకు దుస్తులు మార్చుకొను వేళకు ఆనాటి వ్రాత ముగిసిపోవును. తక్కిన దినమంతయు తపాలాశాఖది, కుటుంబముది, స్నేహితులది.

ఇంకొక యేర్పాటును కలదు. క్రొత్త నవల మొదలిడునపుడెల్ల అతడు వారములుగా విభజించి గళ్ళు గీసిన చిన్న పుస్తకము నొకదానిని సిద్ధపరచుకొనును. ఏ దినమున ఎన్ని పుటలు వ్రాసినది ఆ గడిలో వేయవలెను. పుట యనగా 250 మాటలు. మాటలను కచ్చితముగా లెక్కించెడివాడు. సామాన్యముగా వారమునకు 40 పుటలు. పనులెక్కువైన వారమున 20కి దిగినదియు కలదు. ఒకసారి 112 వరకు పెరిగినదియు కలదు. వ్రాయని దినమున గడి ఖాళీగా నుండి కన్నులయెదుట నిలిచెడిది. అతనిని హెచ్చరింపవలసిన అధికారి వేరొకడు లేడు. ఆ ఖాళీ గడియే అధికారి.

1867లో అతడు తపాలాశాఖను విడిచెను. తీరిక పెరిగినదని ప్రాతఃకాల నియమమును మాత్రము సడలింపలేదు. వయస్సు మీరి చేతికి వ్రాయు శక్తి తగ్గినపుడు, తాను చెప్పుచు భార్య సోదరి కుమార్తెచేత వ్రాయించెను. 1882వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన మరణించునాటికి ఒక నవల ఇంకను వ్రాతలోనే యుండెను.

మరణానంతరము 1883లో అతని స్వీయచరిత్ర వెలువడినది. అందులో అతడు ఏమియు దాచలేదు. గడియారమును, మాటల లెక్కను, గళ్ళ పుస్తకమును వర్ణించెను. ఏ గ్రంథమునకు ఎంత వచ్చినదో పట్టిక వేసి మొత్తము 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలని చూపెను. చెప్పులు కుట్టువాడు ఒక జోడు ముగించి వేరొక జోడు మొదలిడునట్లే రచయితయు పని చేయవలెనని అతని మతము. ఈ మాటలు కొందరికి రుచింపలేదు. కళ దైవదత్తమైన ఆవేశమువలన పుట్టవలెను గాని గడియారపు ముల్లు ననుసరించి పుట్టునా యని వారు ఈసడించిరి. ఆ స్వీయచరిత్రవలన అతని కీర్తి కొంతకాలము మాసినదని చెప్పుదురు. కాని అతని నవలలను నేటికిని చదువుచున్నారు. మరల మరల అచ్చొత్తుచున్నారు. పాఠకుడు నవల చదువునపుడు అది ఏ గంటకు వ్రాసినదని అడుగడు. అందలి మనుష్యులు సజీవులుగా నున్నారా యనియే చూచును.

అయినను ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. మాటల లెక్క కొలత మాత్రమే. అది గుణము కాదు. 250 మాటలు వ్రాసినంత మాత్రమున అవి మంచి మాటలగునను నిశ్చయము లేదు. ఈ విషయమును ట్రాలప్ ఎరుగనివాడు కాడు. అందుచేతనే మొదటి అరగంటను దిద్దుబాటునకు విడిచెను. గుర్రముమీద పోవునపుడును, నడచునపుడును తన కథలోని మనుష్యులతో మనస్సులో సంభాషించుచు, వారి నవ్వును, ఏడ్పును, పట్టుదలను ఎరిగినవాడై బల్లవద్దకు వచ్చెడివాడు. పగలంతయు పోగుచేసిన దానినే ఉదయము వ్రాసెను. పగలు చూడనివానికి ఉదయము వ్రాయుటకేమియు నుండదు.

మన ఆలంకారికులు కావ్యమునకు హేతువులుగా ప్రతిభను, వ్యుత్పత్తిని, అభ్యాసమును చెప్పిరి. ప్రతిభ సహజమైన శక్తి. వ్యుత్పత్తి శాస్త్రములను, లోకమును ఎరుగుటవలన కలుగు పాండిత్యము. అభ్యాసము విడువక చేయు సాధన. సహజమైన ప్రతిభ లేనివాడును విద్యతోను, యత్నముతోను సరస్వతిని సేవించినచో ఆమె కొంతయైన అనుగ్రహింపక మానదని దండి తన కావ్యాదర్శమున ధైర్యము చెప్పెను. ఆంగ్లదేశపు తపాలా ఉద్యోగి దండిని చదివియుండడు. అతని బ్రదుకు మాత్రము ఆ మాటకు చక్కని వ్యాఖ్యానము. ప్రతిభ ఎవరికెంత యున్నదో ముందుగా ఎవరును చెప్పజాలరు. అభ్యాసము మాత్రము అందరి చేతిలోనిది.

విద్యార్థులకు మూడు గంటల తీరిక ఉండదు. ఉండవలసిన యవసరమును లేదు. ఒక పావుగంట చాలును. ఆ పావుగంట ఎప్పుడన్నది ముఖ్యము. "వీలైనపుడు వ్రాసెదను" అనువానికి వీలు చిక్కదు. దినమున ఎట్లును తప్పని పని యేదో యొకటి యుండును: ఉదయపు స్నానము, సాయంకాలము పశువులను కట్టివేయుట, బడినుండి ఇల్లు చేరుట, రాత్రి భోజనము. వానిలో ఒకదానికి ముందో వెనుకో ఈ పావుగంటను ముడివేసినచో, ఆ పనితో పాటు ఇదియు జరిగిపోవును. పుస్తకమును, కలమును ఒక్కచోటనే యుంచవలెను. వానిని వెదకుటలోనే పావుగంట గడచిపోరాదు.

ఏమి వ్రాయవలెనను ప్రశ్న పిదప కలుగును. కన్నులు తెరచి తిరుగువానికి విషయములు కొరవడవు. సంతలో బేరమాడిన ముసలమ్మ మాటతీరు, చెరువు గట్టు తెగిననాడు ఊరివారు పరుగెత్తిన విధము, బస్సులో చోటు విడిచిన పిల్లవాడు, అమ్మ పప్పు వండు క్రమము, పొలమునుండి తాత తెచ్చిన వార్త. వీనిలో ఒకదానిని ఉన్నదున్నట్లు ఒక పుటలో వ్రాయుట సులభము కాదని వ్రాసిచూచినవానికే తెలియును. మరునాడు దానిని చదివినచో లోపము తనకే కనబడును. దానిని దిద్దుటయే పాఠము.

తేదీ వేసి, వ్రాసిన పుటల లెక్కను చివరి పుటలో గుర్తింపవలెను. జ్వరముచేతనో, ప్రయాణముచేతనో ఒకనాడు తప్పినచో ఆ గడిని ఖాళీగానే విడువవలెను. లేని పుటను ఉన్నట్లు వేయరాదు. తప్పినదానికి బదులుగా మరునాడు రెండింతలు వ్రాయబూనినచో విసుగు పుట్టి మూడవనాడు అసలే మానివేయుట సంభవించును. మరునాడు మరునాటి పుట వ్రాసినచో చాలును.

కూర్చుండి తినినచో కొండలైనను తరుగునని మన పెద్దల సామెత. నిత్యము కూర్చుండి వ్రాసినచో కొండలైనను పెరుగును. దినమునకొక పుట చొప్పున 300 దినములు వ్రాసిన విద్యార్థికి సంవత్సరాంతమున 300 పుటల పుస్తకము చేతిలో నుండును. దానిని అచ్చొత్తింపనక్కరలేదు. ట్రాలప్ తన బాల్యపు దినచర్యను నాశనము చేసినట్లే ఒకనాడు అతడును దానిని నాశనము చేయవచ్చును. కాని మొదటి పుటను వ్రాసిన చేయియు, మూడువందలవ పుటను వ్రాసిన చేయియు ఒక్కటి కావు.

అభ్యాసము

1. ట్రాలప్ తన బాల్యపు దినచర్యను ఎందుకు నాశనము చేసెను? దానివలన అతనికి కలిగిన మేలు ఏది?

2. బ్రూజ్ నగరమున ట్రాలప్ తల్లి పడిన శ్రమను మీ మాటలలో వ్రాయుడు.

3. తపాలా ఉద్యోగము ట్రాలప్ వ్రాతకు ఎట్లు తోడ్పడెను? రెండు ఉదాహరణము లిండు.

4. స్వీయచరిత్రను చదివి కొందరు చేసిన యాక్షేపణ యేది? దానిలో ఎంత సత్యము కలదు? మీ అభిప్రాయమును తెలుపుడు.

5. మీ దినములో వ్రాతకు తగిన పావుగంట ఎప్పుడు కలదో ఆలోచించి, ఒక వారము గళ్ళ పట్టికను గీసి, వ్రాసిన పుటలను గుర్తింపుడు.